డీకన్ పడితే గేటుకి తాళం

మా హోబర్ట్ స్కాగ్స్‌ని ఏదైనా ఒకటి ఎంచుకోమంటే చాలు, వాడికి ఏడాది పట్టేది. వస్తువు చేతిలోకి తీసుకుంటాడు, అటూ ఇటూ తిప్పుతాడు, మెడ ఓ పక్కకి వాలుస్తాడు, "బాగానే ఉంది గానీ, ఇంకొకటి చూద్దాం" అంటాడు. బూట్లు కొనడానికి వెళ్ళి అంగట్లోనే రెండు రోజులు నడిచాడు. మూడోరోజు అంగడివాడు చేతులు జోడించి, "పెద్దాయనా, ఆ జత ఈపాటికి అరిగిపోయింది. ఊరికే తీసుకుపో" అన్నాడు. ఆర్లీన్‌తో తొమ్మిదేళ్ళు తిరిగి పెళ్ళిదాకా వచ్చాడు. చర్చిలో పాస్టర్ "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని అడగ్గానే వీడి మెడ మెల్లగా పక్కకి వాలడం చూశాను. పక్కనే నిలబడ్డ నేను మడమ మీద ఒక్క తొక్కు తొక్కాను. "స్వీకరిస్తున్నా!" అని అరిచాడు. ఆ కాపురం నిలబెట్టింది నేనే.

నేను లూథర్ బీజ్లీని. బెల్‌మిల్ ఒంటిగది బడిలో ఎనిమిదోక్లాసు దాకా చదివాను. పిస్టల్‌తో ఇనప పళ్ళేలు పడగొట్టే పోటీలో మా కౌంటీకి మూడుసార్లు మొదటివాణ్ణి. నేను పండించిన పుచ్చకాయని తూకానికి ఎత్తడానికి ఇద్దరు పోలీసులు కావలసివచ్చారు. ఇవి గొప్పలు కావు, పేపర్లో వేశారు.

మా పిస్టల్ క్లబ్బులో ఆరుగురం ముసలాళ్ళం, అందరికీ కలిపి ఒకే ఒక తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్. కాల్చుకోవడానికి క్లీటస్ టిడ్వెల్ తన లోయలో చోటిచ్చాడు. ఆ ఫిబ్రవరిలో క్లీటస్ పోయాడు. వేసవి రాగానే అతని భార్య వర్డీ తన పధ్నాలుగు మేకల్నీ లోయ పక్క వాలులోకి తోలింది. అవి మామూలు మేకలు కావు, మా టెనెసీ మేకలు. పెద్ద చప్పుడైతే కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి, పక్కకి ధబ్బున పడతాయి. పది క్షణాల్లో లేచి, ఏమీ ఎరగనట్టు మేత మేస్తాయి.

జూన్‌లో ఓ శనివారం నేను మొదటి తూటా కాల్చాను. వాలు మీద పధ్నాలుగు మేకలూ పడ్డాయి. అన్నిటికంటే ముందు పడింది డీకన్ అనే పోతుమేక. నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఎత్తి మరీ పడింది.

వర్డీ కంచె దగ్గరికి వచ్చింది. "లూథరూ! నీ గురి తగలెయ్య! నా మేకల్ని కాలుస్తున్నావా, పళ్ళేలనా?"

"పళ్ళేలనే వదినా. మేకలు వాటంతటవే పడ్డాయి."

"ఇదిగో, అందరూ వినండి. నవంబర్ ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ లోపల నా డీకన్ పడకుండా కాల్చే దారి వెతుక్కోండి. లేదా గేటుకి తాళం."

మా కౌంటీలో మాకు మరో చోటు లేదు. ఆ గేటు మూసుకుపోతే ఆరుగురమూ ఇళ్ళల్లో కూర్చుని భార్యల చేత తిట్లు తినాల్సిందే. వెంటనే సభ పెట్టాం. పిస్టల్‌కి సైలెన్సర్ కొనాలని తీర్మానించాం. దాన్ని ఎంచుకునే పని ఎవరికి అప్పగించాలనే దగ్గర నేను ఒక్క నిమిషం చెట్టుచాటుకి వెళ్ళి వచ్చాను. వచ్చేసరికి హోబర్ట్‌ని ఎన్నుకున్నారు.

"మీకు మతిపోయిందా? థాంక్స్‌గివింగ్ ఈ ఏడాదిదిరా!" అన్నాను.

హోబర్ట్ మెడ వాల్చి, "బాగానే ఉంటుందిలే" అన్నాడు.

మరుసటి శనివారం తుపాకుల అంగడి డబ్ హెన్స్‌లీ సైలెన్సర్ల పెట్టె తెచ్చాడు. నమూనాలవి. కాల్చినంతసేపూ వాటి పక్కనే అతను ఉండాలని చట్టం. మావాళ్ళు సైలెన్సర్‌ని డబ్బా అంటారు. "డబ్బా తెస్తున్నాం, మేకల్ని లెక్కపెట్టడానికి రా" అని హోబర్ట్ వర్డీకి ముందే కబురు పెట్టాడు. ఆవిడ రెండు చేతులతో రెండు డబ్బాలు మోసుకొచ్చింది.

"ఏ డబ్బా కావాలో చెప్పలేదు. పీచ్ పళ్ళవి తెచ్చాను. చాలకపోతే చిక్కుడువి ఉన్నాయి."

నవ్వలేక చచ్చాం. ఆవిడ కూడా నవ్వింది. క్లీటస్ పోయాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. ఆ డబ్బాల్ని ఏం చేయాలో తెలియక, వచ్చే శనివారానికి వాటితో "పై" అనే తీపి రొట్టె కాల్చి తెచ్చింది.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. పొట్టి డబ్బా బిగించి హోబర్ట్ కాల్చాడు.

"పదకొండు పడ్డాయి!" అని వర్డీ కంచె అవతలినించి అరిచింది.

"తేలిగ్గా ఉంది గానీ, ఇంకొకటి చూద్దాం."

పొడుగు డబ్బా పెట్టాడు. పిస్టల్ ముందుకి వాలిపోయింది, కర్ర చివర ముల్లంగి గుచ్చినట్టు. "తొమ్మిది!" ఇంకొకటి చూద్దాం. లావు డబ్బా పెడితే గురి చూసే ముల్లు దాని వెనక దాక్కుంది. వాడు కాల్చింది పళ్ళేన్ని కాదు, డబ్ టోపీ తగిలించిన కొయ్యని. "ఎనిమిది! టోపీతో తొమ్మిది!" ఇంకొకటి చూద్దాం. ఒకదాని లోపల స్ప్రింగు లేదు. పిస్టల్ ఒక తూటా మింగి రెండోది కక్కనని మొరాయించింది. ఇంకోదాని మరలు మా గొట్టానికి సరిపడలేదు. హోబర్ట్ దాన్ని అరగంట తిప్పి, "కొంచెం వదులుగా ఉన్నట్టుంది" అన్నాడు.

"కొంచెమా? అది యూరప్ మర బాబాయ్. ఎడమవైపు తిరుగుతుంది!" అన్నాడు డబ్ నెత్తి కొట్టుకుంటూ.

జూలై పోయింది, ఆగస్టు పోయింది. పీచ్ పై పోయి ఆపిల్ పై వచ్చింది, ఆపిల్ పోయి చిలగడదుంప పై వచ్చింది. ఒక్కో కాల్పుకీ మధ్య వర్డీ గంటేసి కబుర్లు చెప్పేది. డీకన్ తెలివిమీరిపోయింది. హోబర్ట్ చెవులకి చప్పుడు ఆపే కప్పులు పెట్టుకోగానే ముందుగానే పడి పడుకునేది.

"ఇది లెక్కలోకి రాదు!" అనేవాణ్ణి నేను.

"ఎందుకు రాదు? పడిందా లేదా?" అనేది వర్డీ.

నవంబర్ వచ్చింది. నాకు నిద్ర పట్టలేదు. ఒక పోటీలో తుమ్ము ఆపుకుంటూ ఆరు పళ్ళేలు పడగొట్టినవాణ్ణి. అలాంటి నేను తాళం కప్ప కలలోకి వచ్చి ఉలిక్కిపడి లేచాను. థాంక్స్‌గివింగ్ ముందటి శనివారం హోబర్ట్ కాలర్ పట్టుకున్నాను.

"ఒరేయ్, ఇవాళే ఆఖరు. ఏదో ఒకటి తేల్చు. లేకపోతే నీ మడమ మళ్ళీ తొక్కుతాను!"

"తేలుస్తాలేరా. చేతులు జిడ్డుగా ఉన్నాయి, నా బండిలో గుడ్డ ఉంది, పట్రా."

గుడ్డ కోసం బండి సీటు ఎత్తాను. కింద తూటాల ఖాళీ పెట్టెలు, ఇరవైకి పైనే. అన్నీ తేలిక తూటాలవి. తేలిక తూటా శబ్దం కంటే వేగంగా పోతుంది, పోతూ గాలిలో కొరడాలా చెళ్ళుమంటుంది. గొట్టానికి ఏ డబ్బా బిగించినా ఆ చెళ్ళు ఆగదు. డబ్బాతో కాల్చేవాడు బరువు తూటా వాడాలి, అది మెల్లగా పోతుంది. మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు ఈ సంగతి.

"హోబర్ట్! ఆర్నెల్లుగా తేలిక తూటాలు కాలుస్తున్నావా?"

"నెమ్మదిరా, వింటుంది."

"ఎవరు? డీకనా?"

"వర్డీ. క్లీటస్ పోయినప్పటినించి జూన్ దాకా ఆవిడ ఎవరితో మాట్లాడిందో చెప్పు. మేకలతో. మొదటివారం పెట్టిన పొట్టి డబ్బా సరిపోతుందని నాకు అప్పుడే తెలుసు. తేల్చేస్తే ఆవిడ మళ్ళీ మేకలతోనే కదా?"

నేను డబ్ వైపు చూశాను. అతను చెట్టు వైపు చూశాడు. తూటాలు అమ్మింది అతనే మరి.

హోబర్ట్ జేబులోంచి బరువు తూటాలు తీశాడు. మొదటివారం నాటి పొట్టి డబ్బా బిగించాడు. చెవులకి కప్పులు పెట్టుకోగానే డీకన్ అలవాటు ప్రకారం పడింది. లేచేదాకా ఆగాడు. తుస్సుమంది పిస్టల్. పళ్ళెం పడింది. వాలు మీద పధ్నాలుగు మేకలూ నిలబడే ఉన్నాయి. డీకన్ మాత్రం, తన వంతు ఎప్పుడొస్తుందా అన్నట్టు మావైపు చూసింది.

"సున్నా" అంది వర్డీ. గొంతులో సంతోషం వెతికినా దొరకలేదు. "అయితే గేటు మీదే. ఇక అయిపోయినట్టేగా."

"అయిపోవడమేమిటి పిన్నీ," అన్నాడు డబ్. "కాగితాలు వాషింగ్టన్ పోవాలి, వేలిముద్రలు పోవాలి. అనుమతి వచ్చేసరికి తొమ్మిది నెలలు. అంతదాకా ఇది నా పెట్టెలోనే ఉండాలి."

వర్డీ ఆ పొట్టి డబ్బా వైపు చూసింది. తర్వాత మెడ ఓ పక్కకి వాల్చింది. ఆ వాలు ఎక్కడో చూసిందే అనిపించింది నాకు.

"తొమ్మిది నెలలు ఊరికే కూర్చుంటామా? ఇంకొకటి చూద్దాం" అంది. "హోబర్టూ, ఆ తేలిక తూటాలే తీసుకురా. ఇన్నాళ్ళ అలవాటు, డీకన్‌కి ఒక్కసారిగా తప్పిస్తే మంచిది కాదు."

హోబర్ట్ నోరు తెరిచాడు. "నీకు... తెలుసా?"

"క్లీటస్‌తో నలభై ఏళ్ళు కాపురం చేశాను నాయనా. చెళ్ళుమనేదేదో, తుస్సుమనేదేదో నాకు చెప్పాలా? ఈ లూథర్‌కి చెప్పాలి గానీ."

ఆ మాట పేపర్లో వేయలేదు కాబట్టి నేను లెక్కచేయను. కానీ నా ఘనతల్లో ఒకటి చేర్చుకోవచ్చు: ఆ డబ్బా కాగితాలు వచ్చేలోగా నేనొక్కణ్ణే యాభై ఎనిమిది ముక్కల పై తిన్నాను. యాభై తొమ్మిదోది డీకన్ తినేసింది, నేను పిస్టల్ కాల్చే లోపల.