దిగి రండి

మా పెద్దమ్మ పోయిందని వాళ్లమ్మాయి, మా అక్క, ఫోన్ చేసినప్పుడు నేను బాపట్లలో కూరగాయల బండి దగ్గర ఉన్నాను. "అమ్మ పోయిందే" అంది, అంతే. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, దాచుకోవడం దేనికి. పెద్దమ్మకి వయసు మీద పడింది, నిజమే. కానీ ఆవిడ వయసుతో పోలేదు. రోడ్డుతో పోయింది.

"అయ్యో, యాక్సిడెంటా అండి?" అని అడిగింది పక్కింటావిడ. "యాక్సిడెంట్ కాదండి. రోడ్డే" అన్నాను. పాపం ఆవిడకి అర్థం కాలేదు. మీకూ అయ్యుండదు, మొదట్నించీ చెబుతాను.

మా అమ్మా, పెద్దమ్మా రేపల్లెలో పుట్టారు. పెద్దమ్మని తెనాలి ఇచ్చారు. బజారు వెనక ఇరుకు వీధిలో ఇల్లు. నా చిన్నప్పుడు రేపల్లె నుంచి పాసింజరులో తెనాలి వెళ్లి, స్టేషన్ దగ్గర రిక్షా ఎక్కి ఆ ఇంటి ముందు దిగేవాళ్లం. ఎత్తు అరుగు, దానికి రాతి మెట్లు. పెద్దమ్మ గడపలో నిలబడి "ఎక్కి రండి, ఎక్కి రండి" అని పిలిచేది. మా అమ్మ ఆయాసపడుతూ "ఇంత ఎత్తు ఇల్లేంటే అక్కా" అంటే, "వానొచ్చినప్పుడు తెలుస్తుందిలే" అనేది. వాళ్ల మామగారు మట్టి తోలించి మెరక చేసి కట్టిన ఇల్లని ఆవిడకి గొప్ప.

ఆ తర్వాత సిమెంటు రోడ్లొచ్చాయి. ఒక రోడ్డు వేశారు. అది పగిలితే దాన్ని తీయకుండా దాని మీదే ఇంకోటి. ఓట్లొచ్చినప్పుడల్లా ఒక పొర. వేసిన ప్రతిసారీ పెద్దమ్మ ఇంటి మెట్టు ఒకటి లోపలికి పోయేది. కొన్నాళ్లకి అరుగూ రోడ్డూ ఒకే మట్టానికి వచ్చాయి. ఇంకొన్నాళ్లకి అరుగు కిందికి పోయింది. చివరికి తాపీమేస్త్రీని పిలిచి రోడ్డు మీంచి ఇంట్లోకి దిగడానికి మెట్లు కట్టించుకోవాల్సొచ్చింది. పెద్దమ్మ పిలుపు కూడా మారింది. "దిగి రండి, చూసుకుని దిగండి" అనేది. కొత్తవాళ్లకి నవ్వొచ్చేది. నాకు మాత్రం ఎప్పుడూ రాలేదు.

వీధిలో మిగతావాళ్లు తెలివైనవాళ్లు. ఎవరికి వాళ్లు ఇల్లు మెరక చేసుకున్నారు. ఒకళ్లు లేపితే ఆ నీళ్లు పక్కింటికి, పక్కింటివాళ్లు లేపితే ఆ పక్కింటికి. "మీరూ లేపేయండి మామ్మగారూ" అన్నాడు మేస్త్రీ. "నేను లేపితే ఎదురింట్లోకి పోతాయి నాయనా. వాళ్లేం పాపం చేశారు?" అంది ఈవిడ. ఎదురింటివాళ్లు అలాంటి ప్రశ్నలేం వేసుకోలేదు, ఆ ఎండాకాలమే లేపేశారు. దాంతో వీధి మొత్తం మీద పల్లంలో ఉన్నది పెద్దమ్మ ఇల్లొక్కటే అయింది.

సైడు కాలవ సంగతీ అంతే. అందరూ తమ ముందు కాలవ మీద పలకలు పరిచేసి, వాటి మీద బళ్లు, బంకులు, జనరేటర్లు పెట్టుకున్నారు. పెద్దమ్మ తన ముందు మూయనివ్వలేదు. వీధంతటి మురుగు ఆవిడ గుమ్మంలోనే మొహం చూపించేది. దారినపోయేవాళ్లు ముక్కు మూసుకుని, ఆ కంపు ఈవిడదే అన్నట్టు ఆ ఇంటి వంక చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండి, "ఊళ్లో ధర్మమంతా నీ ఒక్కదానికే కావాలా పెద్దమ్మా?" అన్నాను ఒకసారి. "ధర్మం లేదు, గిర్మం లేదు. అందరూ మూస్తే ఎక్కడ పూడిందో ఎవడికి తెలుస్తుందే?" అంది.

వానొస్తే ఆవిడ పని ఒక వరసలో జరిగేది. బియ్యం డబ్బా మంచం మీదికి, చీరకుచ్చెళ్లు నడుముకి, చేతిలో కొబ్బరి చీపురు. నీళ్లు తీశాక బ్లీచింగు చల్లి ఇల్లు కడిగి, అప్పుడు గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది. పెదనాన్న పోయాక ఎవరో ఏదో అన్నారట. "పసుపు నాకు కాదు, గడపకి. అదేం తప్పు చేసింది?" అందట. గడప దగ్గర మాత్రం ఆవిడతో ఎవరూ గెలవలేదు.

మున్సిపల్ ఆఫీసు చుట్టూ చాలా తిరిగింది. ఆవిడ అడిగిందల్లా ఒకటే. ఈసారి రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వి తీసి, మా గుమ్మం కంటే కిందికి వేయండి, అంతే. ఒకరోజు నిజంగానే ఒక అధికారి వచ్చాడు, వెంట వార్డు నాయకుడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. పెద్దమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, కాఫీ కలిపి, కింద గుమ్మంలో నిలబడి చేతులు జోడించి "దిగి రండి బాబూ" అంది. ధర్నాలో నినాదంలా వినిపించిందేమో, బంకుల దగ్గరున్నవాళ్లు గొల్లుమన్నారు. ఆ బాబు దిగలేదు. బూట్లున్నాయి కదా. రోడ్డు అంచునే నిలబడి కిందికి చూస్తూ మాట్లాడాడు.

"ఎత్తుగా వేస్తేనే కదండి రోడ్డు మీద నీళ్లు నిలవకుండా ఉంటాయి" అన్నాడు నాయకుడు.

"నిలవవు నాయనా. మా ఇంట్లో నిలుస్తాయి. పెనం మీద దోసె తీయకుండా దాని మీద ఇంకో దోసె పోస్తారా ఎవరైనా?"

అధికారి హాయిగా నవ్వాడు. "బాగా చెప్పారండి. ఈసారి తప్పకుండా తవ్వించే వేయిస్తాం" అన్నాడు. పెద్దమ్మ కాఫీ గ్లాసు తలకంటే పైకెత్తి అందిస్తే వంగి అందుకున్నాడు. కాఫీ కూడా బాగుందన్నాడు. తర్వాత వేసిన రోడ్డు పాతదాని మీదే పోశారు. ఆ గ్లాసు ఎత్తి పట్టుకున్న చెయ్యిని నేనిప్పటికీ మర్చిపోలేదు.

నా దగ్గరికి వచ్చెయ్యమన్నాను. వచ్చింది, ఉండలేకపోయింది. సూర్యలంక తీసుకెళితే సముద్రాన్ని చాలాసేపు చూసి, "ఎన్నొచ్చినా మళ్లీ వెనక్కి పోతున్నాయి చూడవే. మా వీధి నీళ్లకి ఆ బుద్ధి లేదు" అంది. మర్నాడు మబ్బు పట్టగానే ఇంట్లోకి నీళ్లొస్తాయని తెనాలి రైలెక్కేసింది.

మొన్నటి వానల్లో ఆ మెట్ల మీద బురదకి జారిపడింది. తుంటి విరిగింది. అంబులెన్సు వీధి మొగలోనే ఆగిపోయింది. బళ్లు, బంకులు, పలకలు, ఇంక దానికి సందేదీ. ఎదురింటివాళ్లే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు. అంత నొప్పిలోనూ "చూసుకుని ఎక్కండి నాయనా" అందట వాళ్లతో. ఆపరేషన్ అయింది గానీ మళ్లీ లేవలేదు. ఆసుపత్రిలో నన్ను చూసి అడిగిన మాట, "గడపకి పసుపు రాస్తున్నారా?" అని. రాస్తున్నాం పెద్దమ్మా అన్నాను. ఇంట్లో బురద అప్పటికింకా ఎండలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే వీధిలోకి మిషను వచ్చింది. ఇంటి ముందు నుంచే తవ్వడం మొదలుపెట్టారు. అక్కా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. ఒక్క క్షణం, ఆవిడ మాట ఇప్పటికి విన్నారు కాబోలు అనుకున్నాను. అడిగితే మంచినీళ్ల పైపుట.

తవ్వుతుంటే పొర కింద పొర, ఎన్ని రోడ్లో. అన్నిటికంటే అడుగున రాతి మెట్లు. మా చిన్నప్పటివి, అంచులు అరిగి, చెక్కుచెదరకుండా ఉన్నాయి. "ఏంటమ్మా, ఇక్కడ మెట్లుండేవా?" అన్నాడు మిషనతను. అక్క ఆ గోతిలోకి దిగి, బిందెతో నీళ్లు పోసి మెట్లు కడిగి, పసుపు రాసింది. నేనూ దిగాను. అక్కడ నిలబడి చూస్తే గడప పైన, ఎక్కడో ఎత్తున కనిపించింది. ఎవరైనా ఎక్కి రండి అంటే బాగుండుననిపించింది. అనేవాళ్లు లేరు.

మధ్యాహ్నానికి పైపు వేసి మట్టి కప్పారు. మెట్ల మీద పసుపు ఇంకా తడిగానే ఉంది. మర్నాడు కాంక్రీటు పోస్తుంటే మేస్త్రీ మా దగ్గరికొచ్చి, సంతోషమైన కబురు చెబుతున్నట్టు, "ఈసారి ఇంకో జాన ఎత్తు వేస్తున్నామండి. ఇంక నీళ్లు నిలవవు" అన్నాడు.

అక్క తలుపుకి తాళం వేసింది. తడి కాంక్రీటు తొక్కకుండా వాళ్లొక చెక్క వేశారు. దాని మీద కాలు పెట్టి, పసుపు వదలని చెయ్యి పైన నిలబడ్డ నాకందించి, ఇంట్లోంచి రోడ్డు మీదికి ఎక్కింది.