టైలరమ్మ తీసేసిన సముద్రం

మధ్యాహ్నం ఒంటిగంటకు టైలరమ్మ కుట్టుమిషను ఆపి, షట్టరు సగం దించి, కొలతలు దాచుకోవడానికి కొన్న ముసలి కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఆన్‌లైన్ కారు పందేల్లో ఆమెకు ఎదురులేదు. ముందుగా, మిషను దుమ్ము దులిపే బ్రష్షుతోనే కంప్యూటరు ఫ్యానూ దులుపుతుంది. తెరిచి ఉన్న మిగతా ప్రోగ్రాములన్నీ మూసేస్తుంది. ఆ తర్వాత, కారు ఆగకుండా పరిగెత్తాలని, ఆట సెట్టింగుల్లోకి వెళ్ళి నీడలు, పొగ, చెట్లు, దూరపు దృశ్యాలు, చప్పట్లు కొట్టే జనం ఒక్కొక్కటే తీసేస్తుంది. "అవన్నీ లేసులూ కుచ్చులే. నాకు దారి కనబడితే చాలు," అంటుంది, మెడలోని టేపు సర్దుకుంటూ.

ఫైనల్ రోజున మేనకోడలు కంప్యూటరు వేగం పెంచే కొత్త ర్యామ్ తెచ్చి బిగించి, ఆటలో తీసేసినవన్నీ మళ్ళీ పెట్టింది. "అత్తా, పందెం మొదలయ్యేలోగా ఒక్క రౌండు ఇలా వేసి చూడు." మూడో మలుపులో టైలరమ్మ కారు ఆపేసింది. ఎడమవైపు నీలంగా సముద్రం! "ఓర్నీ! ఇన్నాళ్ళూ నేను దీని పక్కనుంచేనా పోతున్నది?" కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది. మళ్ళీ కదిలిస్తే కారు ఆగి ఆగి నడిచింది. అంతే, ఇంకేం ఆలోచించకుండా అన్నీ తీసేసింది. "అయ్యో, సముద్రం కూడానా అత్తా?" "ఎక్కడికీ పోదులేవే." పందెంలో ఆమే ఫస్టు. అయితే మూడో మలుపు వచ్చిన ప్రతిసారీ అత్త తల, ఏమీ లేని ఆ బూడిదరంగు వైపు కాస్త తిరగడం మేనకోడలు చూసింది.