మా అయ్యవారు వదిలిపెట్టిన ముఖం

పొద్దున్నే వల బాగుచేస్తుంటే కబురు వచ్చింది, మా డ్రాయింగు అయ్యవారు పోయారని. ముత్తుకూరు దగ్గర మా ఊరి బడిలో నాకూ, మా తమ్ముడికీ బొమ్మలు వేయడం నేర్పింది ఆయనే. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. మా తమ్ముడి ముఖం చూసి 'వీడే' అని చెప్పాల్సిన మనిషి లేకుండా పోయారు.

తమ్ముడు సముద్రంలో చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. చాలా ఏళ్లయింది. ఫొటో ఒక్కటి కూడా లేదు.

మోకాళ్లు అరిగి నేను వేట మానుకున్నాక అయ్యవారి వరండాలో కూర్చోవడం అలవాటైంది. ఆయన మెత్తటి కొయ్యతో బొటనవేలంత మనుషులను చెక్కి రంగులు వేసేవారు. ఒకరోజు నా చేతిలో ఒక బొమ్మ పెట్టారు. భుజాన వల, తల ఓరగా, ఒంటికాలి మీద బరువు. వేట నుంచి వస్తూ ఆయన గుమ్మంలో రొయ్యలు ఇచ్చేటప్పుడు మా తమ్ముడు అలాగే నిలబడేవాడు. ముఖం మాత్రం ఒట్టి కొయ్య.

"ఒళ్లు నేను చెక్కినా. ముఖానికి రంగు నువ్వు వెయ్యాల. నీ తోడబుట్టినోడు."

"నా చేత యాడవుతాది అయ్యోరా?"

"నేర్చుకో. నేనుండంగానే వెయ్యి. చూసి చెప్తా."

నేను పడవలకు రంగులు వేసినవాడిని. పడవకు దట్టంగా పట్టించకపోతే ఉప్పునీళ్లు కొయ్యను తినేస్తాయి. నేర్చుకోవడానికి ఆయన ఇచ్చిన ఇంకో బొమ్మకూ అలాగే పట్టించాను. ముక్కూ పెదవులూ రంగులో మునిగిపోయాయి.

అయ్యవారు కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. "ఏంది అబ్బయ్యా, దీన్ని కూడా వేటకు తోల్తావా?"

లోపలి నుంచి ఆయన భార్య, అమ్మగారు, పకపకా నవ్వారు.

మీలో ఎవరైనా ఇంత చిన్న బొమ్మలకు రంగులు వేయడం కొత్తగా మొదలుపెడితే, ఆయన చెప్పినవే చెబుతాను. రంగు పాలంత పలచగా ఉండాలి. ఒక పూత ఆరాకే ఇంకో పూత. బ్రష్ మొన ముందు గోటి మీద తిప్పి చూసుకోవాలి. రెండు మణికట్లూ కలిపి బల్లకు ఆనించాలి. తప్పు పడితే, "తుడవబాక. ఆరనీ. ఒంటి చాయ రంగుతో కప్పు" అనేవారు.

సముద్రం గాలికి ఇసుక లేస్తే, తడి బొమ్మకు అరచేయి అడ్డం పెట్టి, ఆరేదాకా కదలకుండా కూర్చునేవారు. ఇద్దరం మాటలు తక్కువ మనుషులమే. నాకు అది బాగుండేది.

ఎన్నో బొమ్మలు వేశాను. చెయ్యి కుదిరింది. తమ్ముడి బొమ్మను మాత్రం గుడ్డలో చుట్టే ఉంచాను. ఇంతలో అయ్యవారు ఆయాసం ముదిరి మంచం పట్టారు. నేను పోయిన ప్రతిసారీ నా వేళ్లకేసి చూసేవారు, రంగు అంటిందేమోనని.

"వేసినావా?"

"లేదు అయ్యోరా. వాడి బొమ్మ పట్టుకుంటే చెయ్యి వణకతా ఉంది."

ఆయన ఊపిరి కూడదీసుకున్నారు. "ఊపిరి వదిలినాక... రవ్వంత సేపు చెయ్యి నిలబడతాది. అప్పుడు బ్రష్ పెట్టు. ఇంక ఆలస్యం చెయ్యబాక."

ఆ సాయంత్రమే ఒంటిరంగు వేశాను. కనుబొమలు, పెదవులు వేశాను. కళ్లు రేపు వేద్దాం అనుకున్నాను. తెల్లారాక ఆ కబురు వచ్చింది.

కర్మలన్నీ అయ్యాక, అమ్మగారిని అడిగి ఆయన బల్ల దగ్గరే కూర్చున్నాను. మణికట్లు ఆనించాను. ఊపిరి వదిలాను. ఒక కన్ను కుదిరింది. మళ్లీ వదిలాను. రెండోది చెంప మీదికి జారింది. వేలు దాని మీదికి పోబోయి ఆగింది. తుడవలేదు. ఆరనిచ్చాను. ఒంటిరంగుతో కప్పి, అది కూడా ఆరాక, మళ్లీ ఊపిరి వదిలి, ఆ కన్ను పెట్టాను.

అమ్మగారు వచ్చి వంగి చూశారు. నాతో కాదు, బొమ్మతో అన్నారు:

"ఏమిరా, ఈ పొద్దు రొయ్యలు పడలేదా?"

సముద్రం వైపు నుంచి గాలి లేచింది. ఆ కన్ను ఇంకా తడిగానే ఉంది. అరచేయి అడ్డం పెట్టుకుని, ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.