ఇద్దరు రాజులు, ఒక పసిపాప పేరు

ఇందుమూలంగా యావత్ ప్రజానీకానికి ప్రకటించునదేమనగా: చాయ్‌లో విరిగిపడిన బిస్కెట్టును వేలితో తీసుకొని తినే హక్కు జనగామ బస్టాండు హోటల్లో ప్రతి పౌరునికీ కలదు. ఆ హక్కు వాడుకుంటూనే నేనూ మా బావా తగువుకు దిగాం. బావకు మనవరాలు పుట్టింది. పిల్లకు గొప్ప రాజు పేరే ఉండాలని ఇద్దరికీ పట్టుదల. ఆయన సర్వాయి పాపన్న పేరిట పాపమ్మ అంటాడు, నేను గణపతిదేవుడి పేరిట గణపమ్మ అంటాను. రుద్రమలు మా వాడలో ఇప్పటికే ఇద్దరున్నారు. ఇంటికెళ్తే బావ కోడలు విసిగిపోయి, "ఎల్లుండే పాపను తొట్టెలల ఏసుడు మామా. రేపు రాత్రికల్ల తేల్చకుంటె ఫోన్ల దొరికిన పేరు పెట్టుకుంట" అంది.

అందుకే మర్నాడు పొద్దున ఆరింటికి తెలిసిన డ్రైవరు సలీం కారు మాట్లాడుకున్నాం, డీజిలుతో కలిపి నాలుగు వేలు. రఘునాథపల్లి దగ్గర హైవే దిగి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్ చేరాం. చిన్నప్పుడు సెలవుల్లో ఈ కోట మీదే సీతాఫలాలు తింటూ రాజులాట ఆడేవాళ్ళం. రాజు ఎప్పుడూ బావే, గుర్రం ఎప్పుడూ నేనే. బావ బురుజుకు చెయ్యి ఆనించి, "నీ గణపతికి రాజ్యం ఇంట్లనె దొరికింది. కల్లు గీయ తాళ్ళెక్కే మా పాపన్న మొగలాయీలకు ఎదురు నిలిచిండు, గాయినకెవరిచ్చిండ్రు?" అన్నాడు. "పద, గణపతి ఏమిచ్చిండో చూపిస్త" అని నేను కారెక్కాను.

వరంగల్ మీదుగా గణపురం చేరేసరికి పదకొండు. గణపతిదేవుడి కాలపు కోటగుళ్ళు చూసి, ఆ కాలంలోనే తవ్వించిన చెరువు కింద నాటేస్తున్న ఒక అవ్వను గణపతిదేవుడి గొప్పేమిటో బావకు చెప్పమన్నాను.

"ఆయన్ని నేను జూసిన్నా బిడ్డా? చెరువైతె నిండింది. మీరు ఒడ్డు తొక్కకుండ్రి."

అప్పటికీ బావ ఒప్పుకోలేదని, అక్కడే పక్కన భోంచేసి నర్సంపేట మీదుగా సాయంత్రానికి బయ్యారం చెరువుకు తీసుకెళ్ళాను. ఈ చెరువు కట్టించింది గణపతిదేవుడి తోబుట్టువు మైలమ అని చెప్పాను. బావ కట్ట మీద కూర్చొని నీళ్ళకేసి చూశాడు.

"మనం కోట మీద రాజులమైతుంటె మీ అక్క బిందెతోని నీళ్ళు మోసేది. ఒక్కనాడన్న దాన్ని రాజును జేసినమారా?"

అక్క ఆయన భార్య. పోయి మూడేళ్ళయింది.

"మైలమ అని పెడుదాం బావా."

"పేరు మంచిగనే ఉంది. పాపన్నను ఇడిసిపెట్టినట్టైతదేమో."

బావను మైలమ వేయించిన శాసనం రాయి దగ్గరికి తీసుకుపోయాను. "నీకు చదవొస్తదా?" అన్నాడు. "పదో తరగతి రెండుసార్లు రాసిన. ఒక్కసారి రాసినోళ్ళకంటె ఎక్కువే చదివిన" అని వేలు పెట్టి చదివాను: "ఈ నీళ్ళు పారినన్నాళ్ళు నా పేరు ఒక ఇంట్లో పలకాలి." బావ కండువాతో కళ్ళు తుడుచుకొని కోడలికి ఫోన్ చేశాడు.

రాజుల్లో ఎవరు గొప్పో తేలలేదు. పాపన్న లేకపోతే మాలాంటి పిల్లలకు రాజులాట ఉండేది కాదు, గణపతి లేకపోతే ఆ అవ్వకు మడి ఉండేది కాదు. ఇప్పుడు బావ తొట్టెల ఊపుతూ మైలమ్మా అని పిలిచినప్పుడల్లా, వంటింట్లోంచి అక్క పలుకుతుందేమోనని నేను అటు చూస్తాను.

మీరూ వెళ్తే కారులోనే వెళ్ళండి, మూడు చోట్లనూ ఒక్క రోజులో కలిపే బస్సు దొరకదు. ఇక ఆ రాతి మీది వాక్యం: ఆ లిపిలో నాకు ఒక్క అక్షరం రాదు, అంతా నా కల్పన. శాసనాలు చదవగలిగినవాళ్ళు అక్కడ మా బావను చూస్తే, పైకి చదవకుండా దండం పెట్టుకొని పోండి.