నిద్రపుచ్చని బొడ్డెమ్మ

బొమ్మలు చేయడం జంగమ్మ నౌకరీ కాదు. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, ఒక పాత పెంకుటింట్లో విద్యావతి టీచరు నడిపే చిన్నపిల్లల బడిలో ఆమె ఆయా. పొద్దున అబిడ్స్ వెనుక సందుల్లో తిరిగి పిల్లలను తీసుకురావాలి, బడి ఊడ్వాలి, పెరటి బావిలో నీళ్ళు తోడి కుండలు నింపాలి, సాయంత్రం ఎవరి బిడ్డను వాళ్ళకు అప్పజెప్పాలి. అంతే. కానీ ఒకనాడు ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి తాటాకు చీల్చి గిరక చేసిచ్చింది. మర్నాడు పధ్నాలుగు మంది చేతులు చాపారు.

అప్పటినుంచి ఏ కాలానికి ఆ వస్తువు. వానలు మొదలుకాగానే పెంటకుప్పల మీద మొలకెత్తిన మామిడి టెంకలు ఏరుకొచ్చి, లోపలి జీడిని బండ మీద అరగదీయించి పీకలు చేయించేది. ఏరువాక పున్నమికి మట్టి ఎడ్లు, వాటి మెడల్లో చింతగింజల పట్టెడలు. చలికాలంలో జొన్నదంట్లు చీల్చి, బెండుకు పుల్లలు గుచ్చి బండ్లు, కళ్ళద్దాలు. ఎండాకాలం అడవాముదం కాడ విరిచి ఆ పాలతో బుడగలు. తాను చేసి చేతికిచ్చేది కాదు, వాళ్ళతోనే చేయించేది. వంకర వస్తే ఒప్పుకునేది కాదు.

"మూపురం గీడ ఉంటదా? మీ తాత నడుస్తడు గట్ల వంగి, ఎద్దు నడువది" అనేది. పిల్లలు విరగబడి నవ్వి ఆ ఎద్దును మళ్ళీ ముద్ద చేసేవాళ్ళు.

ఒక్క పక్షం మాత్రం ఆమె మట్టి ముట్టేది కాదు. వినాయకుణ్ణి నీళ్ళలో కలిపాక, బతుకమ్మ రాకముందు వచ్చే చీకటి రోజులవి. అప్పుడు ఆమె మాట కూడా తగ్గిపోయేది. బడి బావి మీద రెండు చెక్కలు పరిచి, వాటి మీదికి పాత రోలు దొర్లించి పెట్టేది. నీళ్ళు కావలసినప్పుడల్లా అదంతా తీసి, తోడుకుని, మళ్ళీ పెట్టేది.

"ఇదేం చాదస్తం జంగమ్మా?" అని విద్యావతి అడిగితే, "పిల్లలు తిరుగుతున్నరు గదమ్మా" అనేది. మిగతా పదకొండున్నర నెలలు పిల్లలు తిరగరా అని విద్యావతి అడగలేదు.

యాభైమూడులో చదువుల ఇన్‌స్పెక్టరు ఒకాయన వస్తున్నాడని కబురు వచ్చింది. పిల్లలు చేతులతో పని చేసే బడి అంటే ఆయనకు ఇష్టమట. వచ్చేది సరిగ్గా ఆ పక్షంలోనే. విద్యావతి సుల్తాన్ బజార్‌లో మూడు తరాలుగా ఉంటున్న ఇంటి ఆడపడుచు. పల్లె ఆటలు ఆమెకు విన్నవే తప్ప ఆడినవి కావు.

"బతుకమ్మకు ముందు ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మ తల్లిని చేస్తారట కదా జంగమ్మా? ఈసారి అది చేయిద్దాం."

"నేను చెయ్యనమ్మా."

"రాదా?"

"వస్తది. చెయ్య."

విద్యావతి జర నొచ్చుకుంది. తానే పూనుకుంది. మర్నాడు మట్టి తెప్పించి, పీట వేసి, ఎనిమిది మంది ఆడపిల్లలను చుట్టూ కూర్చోబెట్టి అంతస్తు మీద అంతస్తు పెట్టించసాగింది. రెండో అంతస్తు నిలిచింది. మూడోది పెట్టగానే కింది మూల పొట్ట ఉబ్బినట్టు ఉబ్బి, మొత్తం ఒక పక్కకు ఒరిగింది. పిల్లలు అరచేతులతో ఆపబోయారు. అది వాళ్ళ చేతుల్లోనే జారిపోయింది. ఒకరిద్దరు ఏడుపు లంకించుకున్నారు.

జంగమ్మ గడపలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. చూడకూడదనుకుంటూనే చూస్తున్నది.

"అది పూలమొక్కల మన్నమ్మా. ఎరువు కలిసింది. జన్మల నిలువది" అంది చివరికి. చీపురు గోడకు ఆనించి బయటికి వెళ్ళింది. గంట తరువాత బాగేఆం తోటలో వేపచెట్టు మొదట్లోని పుట్టనుంచి తట్టెడు మన్ను నెత్తిన పెట్టుకుని వచ్చింది.

తెచ్చాక ఇంక వదలలేదు. మన్ను జల్లించి, తడిపి, పిసికి, చేతికి అంటనిదాకా మర్దించింది. పీట మీద అయిదు అంతస్తులు, కిందిదానికన్న పైది చిన్నది. మూలలు పదునుగా రావాలి. ఒక్కో పిల్లకు ఒక్కో మూల అప్పగించి, బొటనవేలు నీళ్ళలో ముంచి ఎట్లా నునుపు చేయాలో చూపించింది. ఎర్రమన్ను అలికి ముగ్గు చుక్కలు పెట్టించింది. పైన చిన్న చెంబు, చెంబు మీద పసుపు ముద్ద. రోజూ మధ్యాహ్నం దాని చుట్టూ పూలు పెట్టి పిల్లలు చప్పట్లు కొడుతూ తిరిగారు. ఏడో నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, తలాడించి, ఏదో రాసుకుని వెళ్ళాడు.

చూసినవాళ్ళకు జంగమ్మ మామూలుగానే ఉంది. కానీ మూల తీర్చేటప్పుడు తన బొటనవేలి పక్కన ఇంకో చిన్న వేలు వచ్చి రుద్దుతున్నట్టు ఉండేది. తలెత్తితే పిల్లలంతా అవతలి వైపు ఉండేవాళ్ళు. కుండ నింపుతుంటే వెనుకనుంచి "అవ్వా" అని వినబడేది. ఈ బడిలో ఆమెను అవ్వా అనేవాళ్ళు ఎవరూ లేరు.

వాళ్ళ ఊళ్ళో తల్లిని అట్లా పిలుస్తారు. ఆమెను అట్లా పిలిచినది ఆమె బిడ్డ పోశవ్వ. ఆరేళ్ళ కిందట, జనగామ దిక్కు వాళ్ళ ఊళ్ళో, పోశికి ఎనిమిదేళ్ళప్పుడు జంగమ్మ వాకిట్లోనే బొడ్డెమ్మను పెట్టారు. తొమ్మిదో నాటి సాయంత్రం జోలపాట పాడి, బొడ్డెమ్మను నిద్రపుచ్చి, బావిలో వదలాలి. అందరూ పాటకు కూడుతుండగా రజాకార్ల లారీ వస్తున్నదని కేక లేచింది. ఊరు ఊరంతా జొన్నచేలలోకి ఉరికింది. బొడ్డెమ్మ వాకిట్లో పీట మీదే ఉండిపోయింది.

చేనులో నేలకు కరుచుకుని పడుకున్నారు. జంగమ్మకు ఒక పక్క పోశి, ఇంకో పక్క భర్త మొగులయ్య. చీకటి పడింది. లారీ చప్పుడు దగ్గరైనట్టే అయి దూరమైంది. అయినా ఎవరికీ లేచే ధైర్యం లేదు. అప్పుడు జంగమ్మ ఎవరితోనూ కాకుండా అంది:

"అయ్యో, బొడ్డెమ్మను నిద్రపుచ్చకపోతిమి. తల్లి మేలుకునే ఉండె."

నిద్రపుచ్చకుండా వదిలేస్తే బొడ్డెమ్మ తనను చేసిన పిల్లల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుందని ఆ ఊళ్ళో అనుకునేవాళ్ళు. జంగమ్మ అన్నది ఆ ఒక్క మాటే. తరువాత ఆమెకు కన్ను మూతపడింది. తెరిచేసరికి పక్క ఖాళీ.

లారీ వాళ్ళ ఊరికి తిరగనే లేదు. పెద్ద బాట పట్టి అట్లే వెళ్ళిపోయింది. తెల్లవారి చూస్తే వాకిట్లో బొడ్డెమ్మ లేదు. బావి గట్టుకు ఆనించి ఖాళీ పీట ఉంది. పిల్ల పని పూర్తిచేసింది. పోశిని బావిలోనుంచి తీసినప్పుడు గోళ్ళలో ఎర్రమన్ను ఇంకా ఉంది.

ఆ మాట తానే అన్నానని జంగమ్మ ఎవరికీ చెప్పలేదు. పిల్ల తనంతట తానే లేచి పోయిందనే ఊరు అనుకుంది. మొగులయ్య కూడా అట్లాగే అనుకుంటున్నాడని ఆమె నమ్మకం. ఏడాది తిరక్కముందే ఊరు విడిచి నాంపల్లి వచ్చారు. ఆయన స్టేషన్ గూడ్సుషెడ్డులో హమాలీ. ఇద్దరూ ఆ పిల్ల పేరెత్తలేదు.

తొమ్మిదో నాడు మధ్యాహ్నానికే వాన దిగింది. మబ్బు చూస్తే తెరిపి ఇచ్చేటట్టు లేదు.

"సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. పిల్లలను జల్దీ అప్పజెప్పు జంగమ్మా" అంది విద్యావతి, రిక్షా ఎక్కుతూ. "బొడ్డెమ్మ సంగతి రేపు చూద్దాం. బకెట్‌లో కలిపినా సరిపోతుంది."

జంగమ్మ గోనెసంచులు ముసుగులుగా మడిచి పిల్లల నెత్తిన వేసి, ఒక్కొక్కరినే ఇళ్ళకు చేర్చింది. చివరికి మిగిలింది విమల. పోస్టాఫీసులో గుమాస్తా వామన్‌రావు కూతురు. ఆరేళ్ళది. చేసిన మూలనే నాలుగుసార్లు తీర్చుకునే పిల్ల.

"జంగమ్మా, బొడ్డెమ్మ పండుకున్నదా?"

జంగమ్మ వినిపించుకోనట్టు నడిచింది.

"పండుకోలేదు కదా. పాట పాడలేదు కదా."

"రేపు చూస్తనన్నది టీచరమ్మ."

"రేపటిదాక మేలుకునే ఉంటదా?"

"ఊకో. నోరు మూసుకొని నడువు."

పిల్ల ఊరుకుంది. పిల్లలు అలిగి ఊరుకున్నట్టు కాదు. మలుపు మలుపుకూ తల తిప్పి వచ్చిన దారి చూసుకుంటున్నది. పాన్‌డబ్బా చూసింది, పచ్చ తలుపుల ఇల్లు చూసింది. పోస్టాఫీసు మూల దాకా వచ్చాక, మామూలుగా అడిగినట్టు అడిగింది.

"బడి వెనుక తలుపుకు కూడా తాళం వేసినవా?"

జంగమ్మ అక్కడే ఆగిపోయింది. వెనుక తలుపుకు తాళం లేదు. ఉత్త గొళ్ళెం. బయటినుంచి వేలు పెట్టి లేపితే లేస్తుంది. అది పిల్లలందరికీ తెలుసు.

ఈ పిల్లను ఇంట్లో దింపి, తాను ఒక్కతే వెనక్కి పోయి ఆ పని చేసి రావచ్చు. కానీ చేసినట్టు పిల్లకు తెలిసేదెట్లా? చెబితే నమ్మే పిల్ల కాదు. వాన పడుతున్నది, తల్లి వంటలో ఉంటుంది, తండ్రి ఆఫీసులో ఉంటాడు. జంగమ్మ విమల చెయ్యి కాకుండా మణికట్టు పట్టుకుంది.

"నడువు. పోయి నిద్రపుచ్చొద్దాం."

బడికి వచ్చేసరికి పెరట్లో చీలమండ లోతు నీళ్ళు. జంగమ్మ తన కొంగు పిల్ల నడుముకు చుట్టి ముడి వేసింది. ఇంకో ముడి వేసింది. రోలు దొర్లించి చెక్కలు తీసింది. బొడ్డెమ్మ పీటను వరండాలోనుంచి తెచ్చి గట్టు మీద పెట్టి, దాని మీద పసుపు గుడ్డ కప్పింది. జోలపాట అందుకోబోయి, మళ్ళీ ఆ గుడ్డ అంచులే సర్దసాగింది. విమల ఒకసారి ఆమె ముఖం చూసి, తానే పాడింది. సగం మాటలు తప్పు. జంగమ్మ మొదట పెదవులు కదిపింది, చివరి చరణానికి గొంతు కలిపింది.

"ఇద్దరం పట్టుకుందామా?" అంది పిల్ల.

"నువ్వు గాడనే నిలవడు. పీటకు చెయ్యి తాకియ్యి, సాలు."

పీట వంచగానే మన్ను ఒక్కసారి జారలేదు. పై అంతస్తు ముందు, తరువాత రెండోది. కింద నీళ్ళలో పడ్డ చప్పుడు ఒకదాని వెనుక ఒకటిగా వచ్చింది. జంగమ్మ గట్టు మీదికి వంగి, నీళ్ళు ఊగడం ఆగేదాకా చూసింది.

"పండుకున్నదా?"

"ఔ బిడ్డా."

"నీకెట్లా తెలుసు?"

జంగమ్మ చెక్కలు పరిచి, రోలు ఎక్కించి, అప్పుడు కొంగు ముడి విప్పింది.

విమల తల్లి కమల గుమ్మంలోనే ఎదురుచూస్తున్నది. "అందరి పిల్లలు ఎప్పుడో వచ్చిన్రు! దీన్ని వానలో ఏడ తిప్పుతున్నవ్? గుండె ఆగిపోయింది నాకు!"

"తప్పు నాదేనమ్మా. రేపు టీచరమ్మకు చెప్పు, నన్ను తీసేసినా సరే" అంది జంగమ్మ. "గని ఈ పిల్ల ఏదన్న అడిగితె ఊకో అనకు. ఊకున్నదంటె జర కనిపెట్టుకొని ఉండు."

కమలకు ఏమీ అర్థం కాలేదు. పిల్లను లోపలికి లాక్కుంది.

దీపం పెట్టే వేళకు జంగమ్మ తన గదికి చేరింది. గూడ్సుషెడ్డులో పని ఆగిపోయి మొగులయ్య ముందే వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. తడిసి వచ్చిన మనిషిని చూశాడు. ఆమె చేతులు చూశాడు.

"పుట్టమన్ను."

"ఔ."

మొగులయ్య పొయ్యిలోకి ఒక పుల్ల తోశాడు. జంగమ్మ గోడకు చేరగిలబడింది. ఆరేళ్ళలో ఆయనను పేరుగాని, వరుసగాని పెట్టి పిలిచింది లేదు.

"పోశి నాయినా" అంది. "ఆనాడు జొన్నచేన్ల నేనొక మాటన్న."

"బొడ్డెమ్మను నిద్రపుచ్చలేదని."

జంగమ్మ గోడనుంచి వీపు తీసి ఆయన వైపు తిరిగింది.

"నీ పక్కకే పండుకున్న గదనే. నాకు చెవులు లేవా?"

"ఎరుకుండి గూడ ఇన్నేండ్లు నన్నొక్క మాట అనకపోతివి."

"ఏమని అనాలె?" మొగులయ్య మంటలోకే చూస్తున్నాడు. "నువ్వు పండుకున్నవు. అది లేస్తుంటె జొన్నాకు సప్పుడైంది. దొడ్డికి పోతుందేమో అనుకున్న." ఇంకో పుల్ల అందుకుని, వేయకుండానే కింద పెట్టాడు. "అబద్ధం. గట్ల అనుకోలె. ఎటు పోతున్నదో నాకు ఎరుకైంది. లేసి ఉరికితె లారోళ్ళకు కనబడ్తనని లేవలె."

"నన్ను లేపకపోతివా?"

"లేపలె."

బయట వాన పెరిగింది. పెంకుల మీద చప్పుడుకు ఇంకేమీ వినబడడం లేదు. మొగులయ్య లేచాడు. బయటినుంచి ఇంకా రావలసిన పిల్ల ఉన్నట్టు తలుపు గొళ్ళెం తీసి, రెక్క ఓరగా నెట్టి, అది గాలికి మూసుకుపోకుండా ఒక ఇటుక ఆనించి వచ్చి కూర్చున్నాడు. జల్లు గదిలోకి కొడుతున్నది. చాప అంచు తడుస్తున్నది. ఇద్దరిలో ఎవరూ తలుపు వేయడానికి లేవలేదు.