డాక్టర్ పిచ్చుక గుండె నెల

బొటనవేలంత చేతిలో దారప్పోగంత నరాన్ని మొదటి సూదిపోటుకే పట్టుకోవడం డాక్టర్ పిచ్చుక సాధించిన తొలి విజయం. ముగ్గురు సీనియర్లు చెమటలు కక్కి వదిలేసిన పసిగుడ్డు అది. ఈ సంగతి పెదనాన్న వీధిలో ఎదురైన ప్రతివాడినీ ఆపి చెప్పాడు, వినే ఓపిక లేనివాడికి రెండుసార్లు చెప్పాడు. ఆయన చెప్పనిది ఒక్కటే. ఆ విజయం కోసం ఇంటిల్లిపాదీ నెల పొడుగునా ముంజేతులు చాపుకుని కూర్చున్నారు. పిచ్చుకకి ఉన్న ఒకే ఒక్క జబ్బు అది: ఆసుపత్రిలో ఏ నెల ఏ వార్డు పడితే ఆ నెల ఇల్లంతా ఆ వార్డే.

పిల్లల వైద్యంలో పై చదువు చదివేవాళ్ళకి రెండో ఏడాది కాలు ఒకచోట నిలవదు. నెలకో వార్డు. ఒక వార్డులో నర్సమ్మల పేర్లు నోటికి వచ్చేసరికి డ్యూటీ చార్టు తిరిగిపోతుంది, మూటాముల్లె సర్దుకుని ఇంకో వార్డుకి పోవాలి. పిచ్చుక చదువుకోవడానికి పెదనాన్న ఇంట్లో ఉంటోంది కనుక ఆ ఇంట్లో క్యాలెండరుకి పని పోయింది.

"ఫ్యాను బాగుచేయించింది ఎప్పుడే?" అని పెదనాన్న అడిగితే, "ఊపిరితిత్తుల నెల చివర్లో కదండీ," అనేది పెద్దమ్మ.

ఆ ఊపిరితిత్తుల నెలలో కాఫీ కావాలంటే ముందు ఒక గొట్టంలోకి ఊదాలి. ముల్లు ఎంత దూరం జరిగితే అంత మర్యాద. పెద్దమ్మ ముల్లు పెదనాన్న ముల్లుని దాటి ఎక్కడికో పోయింది.

"నలభై ఏళ్ళుగా నన్ను తిట్టి తిట్టి సాధన చేసింది, అందుకే," అన్నాడు పెదనాన్న.

కడుపు నెలలో భోజనాల బల్ల మీదికి ఒక రంగుల కార్డు వచ్చింది.

"అన్నయ్యా, ఇందులో ఏ రంగు?"

పెదనాన్న కొడుకు సంబరపడ్డాడు. "హాలుకా? ఈ లేత పసుపు బావుంటుందే."

"గోడకి కాదు. పొద్దున నువ్వు వెళ్ళొచ్చినదానికి."

అన్నయ్య ముద్ద వదిలేసి లేచాడు. ఆ నెల పెద్దమ్మకి పప్పు బాగా మిగిలింది.

ఎదుగుదల నెలలో పెదనాన్నని ఒంటికాలి మీద నిలబెట్టింది. ఆయన కొంగలా మొదలుపెట్టి, తాటిమానులా ఊగి, సోఫా మీద కూలాడు.

"నాలుగేళ్ళ పిల్లలు నిలబడతారు పెదనాన్నా."

"అయితే నాకు మూడేళ్ళని రాసుకో. పద, చాక్లెట్ కొనిపెట్టు."

ఈ పెదనాన్న సామాన్యుడు కాడు. ఊరి బళ్ళో పలక పట్టిన మనిషి, బస్సు డిపోలో డ్రైవర్లకీ కండక్టర్లకీ డ్యూటీలు వేసే కుర్చీ దాకా ఎక్కాడు. అత్తగారికి సుస్తీ అనో, పంటినొప్పి అనో డ్యూటీ మార్చుకోవడానికి వచ్చినవాడి చెప్పుల చప్పుడు విని అబద్ధం పట్టేసేవాడు. "నా కళ్ళు గప్పి డ్యూటీ మార్చుకున్నవాడు ఇంకా పుట్టలేదు," అనేది ఆయన తనకి తాను ఇచ్చుకున్న బిరుదు.

అంతటివాడికీ ఒక భయముంది. డాక్టరు.

"హారన్ బాగుచేయమని బస్సుని షెడ్డుకి పంపితే ఇంజిను విప్పి కింద పెడతారు. నా ఒంటిని ఏ షెడ్డుకీ పంపను," అనేవాడు. కానీ కొన్నాళ్ళుగా మెట్లెక్కుతూ సగంలో ఆగిపోతున్నాడు. ఎవరైనా చూస్తే వంగి, చెప్పులో రాయి దూరిందంటాడు.

"ఇంట్లో మెట్ల మీద ఇన్ని రాళ్ళెక్కడివండీ?" అనేది పెద్దమ్మ. నవ్వుతూనే అనేది గానీ, ఆయన నిద్రపోయాక ఊపిరి వింటూ పడుకునేది. ఒక్కసారి గుండె చూపించుకోమని ఆమె బతిమాలని రోజు లేదు.

పిచ్చుక తన చార్టుని ఫ్రిజ్ మీద అతికించిన రోజునే పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని దాన్ని ఆమూలాగ్రం చదివాడు. గుండె వార్డు ఏప్రిల్లో పడింది. వెంటనే చెల్లెలికి ఫోను చేశాడు.

"ఏప్రిల్ నెలంతా మీ ఇంట్లోనే ఉంటానమ్మా. నిన్ను చూడాలనిపిస్తోంది."

"ఇప్పుడు రావచ్చుగా అన్నయ్యా?"

"ఇప్పుడు అనిపించట్లేదు."

అలా ఏర్పాట్లు చేసుకుని నిశ్చింతగా ఉన్న మనిషి ముందు, డిసెంబరు మొదటి రోజున పిచ్చుక స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని ప్రత్యక్షమైంది. "అందరూ వరసగా రండి. ఈ నెల గుండె."

"చార్టులో చర్మం అని ఉందిగా!" పెదనాన్న గొంతు కీచుమంది.

"మార్చుకున్నా పెదనాన్నా. మా సోడాబుడ్డితో."

సోడాబుడ్డి అంటే కళ్ళజోడుకి ఆ మందం ఉన్న తోటి డాక్టరు. పెద్దమ్మ గుండె విన్నది, అన్నయ్య గుండె విన్నది, పాలవాణ్ణి కూడా వదల్లేదు. ఇందరి మధ్య తనొక్కడే వెనక్కి తగ్గితే పరువేం కాను? పెదనాన్న చొక్కా గుండీలు విప్పాడు. అక్కడ స్టెతస్కోపు అతుక్కుపోయింది.

"ఎంతసేపే? పాటలేమన్నా వస్తున్నాయా?"

"ఈల వస్తోంది పెదనాన్నా. నేను పిల్లల డాక్టర్ని, నాకు పూర్తిగా తెలీదు. ఆసుపత్రికి వస్తే..."

"రాను. షెడ్డు మాట ఎత్తకు."

ఆ రాత్రి పెదనాన్నకి నిద్ర పట్టలేదు. ఈల గురించి కాదు, మార్పిడి గురించి. ఆయన ఆరా తీయగా, గుండె నెల కోసం పిచ్చుక తన సెలవులన్నీ సోడాబుడ్డికి ధారపోసిందని తేలింది. ఇంత చెడ్డ బేరం డిపో చరిత్రలో లేదు.

"ఏమేవ్, మన పిల్ల ఆ సోడాబుడ్డిని ప్రేమిస్తోంది," అని తేల్చేశాడు. "పొద్దున్నే వెళ్ళి చూసొస్తా. కళ్ళజోడు సంగతి సరే, గుణం ఎలాంటిదో."

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పిల్లల వార్డుకి వెళ్ళాడు. సోడాబుడ్డి చంకలో ఏడ్చే పిల్లాడు, జేబులో గిలక్కాయ.

"మా పిచ్చుకతో నెల మార్చుకుంది నువ్వేనా బాబూ?"

సోడాబుడ్డి మొహం వెలిగిపోయింది. "ఏప్రిల్లో పారిపోయే పెదనాన్న మీరేనా అంకుల్!"

వార్డంతా వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరన్నారు? మా చెల్లెలికి నేనంటే ప్రాణం... సరే, అది నీకు సెలవులెందుకు ఇచ్చింది?"

"సెలవులే కాదంకుల్. నాకు పడ్డ కొండ మీది ఊరి ఆసుపత్రి డ్యూటీ కూడా తనే తీసుకుంది. ఎందుకే ఇంత నష్టం అంటే, 'గుండె నెలైతే తప్ప ఆయన గుండె విననివ్వడు, ఏప్రిల్ దాకా ఆగితే మనిషి దొరకడు' అంది. వచ్చిన దగ్గర్నుంచీ మీ ఆయాసం చూస్తూనే ఉందట. మిమ్మల్ని ఒక్కరినే పట్టుకుంటే బెదిరిపోతారని అందరినీ పట్టుకుందట."

పెదనాన్న పక్కనున్న బుల్లి కుర్చీలో కూలబడ్డాడు. అందులో ఇరుక్కుపోయాడు కూడా.

"ఊదించడం, ఒంటికాలి మీద నిలబెట్టడం... అన్నీ నా కోసమేనా?"

"చాలావరకు."

"మరి ఆ రంగుల కార్డు?"

"అది మాత్రం నిజంగా చదువే అంకుల్."

పెదనాన్న అతని జేబులోంచి గిలక్కాయ లాగి పిల్లాడి ముందు ఆడించాడు. "అయితే నువ్వు మా పిల్లని చేసుకోవా?"

"నాకు పెళ్ళి కుదిరిపోయిందంకుల్."

"అదృష్టవంతుడివి, గొట్టంలో ఊదే బాధ తప్పింది. నన్ను ఈ కుర్చీలోంచి లాగు. పెద్దవాళ్ళ గుండె డాక్టరు ఎక్కడుంటాడో చూపించు."

గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయిందని తేలింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ప్రమాదమే అన్నారు. దాన్ని మార్చారు. మెలకువ రాగానే మంచం పక్కన పిచ్చుక కనబడింది.

"నా కళ్ళు గప్పి..." అని మొదలుపెట్టాడు పెదనాన్న.

"మాట్లాడకు. గాలి పీల్చు."

పీల్చాడు. పెద్దమ్మ అవతలికి తిరిగి ముక్కు తుడుచుకుని, "ఈ మనిషి నోరు మూయించగలిగే డాక్టరు కూడా ఉందన్నమాట," అంది.

ఇప్పుడు పెదనాన్న చొక్కా పై గుండీ పెట్టుకోడు. కుట్లు కనబడాలి. "పిల్లల డాక్టరు కనిపెట్టిన జబ్బు! అంటే గుండె ఎంత లేతగా ఉందో చూసుకోండి," అని వీధిలో అందరికీ చూపిస్తాడు.

పిచ్చుక మాత్రం ఒప్పుకున్న బేరం ప్రకారం కొండ మీది ఊరికి వెళ్ళింది. అక్కడ వార్డులు వేరువేరుగా లేవట, అన్ని జబ్బులూ ఒకే గదిలోనట. సాయంత్రమైతే పెదనాన్న ఫోను పట్టుకుంటాడు.

"ఇవాళ ఏం చూశావే?"

"చెవులు పెదనాన్నా. పొద్దున్నుంచీ చెవులే. ఒకడి చెవిలోంచి శనగగింజ తీశాను."

"మీ అన్నయ్య చెవిలో కూడా ఏదో ఉంది, ఎన్నిసార్లు పిలిచినా పలకడు. వచ్చాక చూద్దువుగాని. ఎప్పుడు రావడం?"

"మార్చి ముప్పై ఒకటి. ఏప్రిల్లో మళ్ళీ గుండె నెల ఉందిగా, ఎక్కడికీ పారిపోకు."