ఎలీషా కోరుకున్న మోత

బందరు ఎలీషా ఆదివారం చర్చిలో గిటారు మెత్తగానే వాయిస్తాడు గానీ, మనసంతా హెవీ రాక్ మీదే. నున్నగా దువ్విన తల, వేళ్ల కొసలకు కాయలు. బస్సులో కూర్చున్నా ఎడమచేతి వేళ్లు మోకాలి మీద తీగలు నొక్కుతూనే ఉంటాయి. గుడివాడలోని వాయిద్యాల కొట్టుకు పాత ట్యూబ్ ఆంప్లిఫయర్ ఒకటి వచ్చిందని తెలిసి, భార్య కృపాకుమారితో వెళ్లాడు.

"చర్చికైతే ఈ చిన్నది చాలండీ. ఆ ట్యూబులది మరీ అరుస్తుంది," అన్నాడు కొట్టాయన.

ఎలీషా ట్యూబులు వేడెక్కేదాకా ఆగి, గరగర పెంచే గెయిన్ నాబ్‌ను సగం తిప్పి, భార్య వైపు బెదురుగా చూస్తూ కొట్లోని గిటారు తీగలు మీటాడు. షోకేసు అద్దాలు గజగజలాడాయి. కొట్టాయన చెవులు మూసుకున్నాడు.

కృపాకుమారి లేచి వచ్చి నాబ్‌ను చివరిదాకా తిప్పింది.

"ఇప్పుడు వాయించండి," అంది.